తులంబావు కప్ప

ఆ ఏడాది జూన్‌లో నేను కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ జిల్లాలోని ఒక చిన్న ఊరికి బదిలీ అడిగి మరీ వెళ్ళాను. మా ఉద్యోగంలో అందరూ పట్నం దగ్గరికి రావాలని దరఖాస్తు పెడతారు. ఆఫీసులో నా కాగితం తీసుకున్న గుమాస్తా దాన్నీ నా ముఖాన్నీ రెండుసార్లు చూసి, “సిస్టర్, ఊర్ల పేర్లు తారుమారు రాసినవా ఏంది?” అని అడిగాడు. లేదు, సరిగ్గానే రాశానన్నాను.

నేను ఏఎన్‌ఎంను. పిల్లలకు టీకాలు వేయడం, గర్భిణులకు బీపీ చూడడం, అంగన్‌వాడీలో పిల్లల్ని జోకి వాళ్ళ కార్డు మీద బరువు చుక్క పెట్టడం నా పని. పదిహేనేళ్ళుగా అదే చేస్తున్నాను. నాకు పిల్లలు లేరు. పదకొండేళ్ళ కాపురం తరువాత నేనూ నా భర్తా కోర్టులో విడిపోయాం. పెద్ద గొడవలేమీ జరగలేదు. పరీక్షలన్నీ చేయించుకున్నాం, లోపం నాదని తేలింది. ఆయన ఒక్క మాట అనలేదు. అలా ఏమీ అనకుండా నాలుగేళ్ళు గడిచాక, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి గడపలో చెప్పులు విడుస్తూ, “ఇట్ల ఎన్నొద్దులుంటం?” అన్నాడు. ఏ సంగతని నేను అడగలేదు. కోర్టు కాగితం వచ్చిన ఏడాదిలోపే ఆయనకు మళ్ళీ పెళ్ళయింది. మా చర్చిలోనే.

మా మిషన్ కాంపౌండు వాళ్ళందరికీ ఒకరి సంగతులు ఒకరికి తెలుసు. కూరగాయల దగ్గరో, బస్‌స్టాండులోనో, ఎవరో ఒకరు నా చేయి పట్టుకుని మెల్లగా నొక్కేవారు. వాళ్ళు మంచివాళ్ళే. కానీ ఆ నొక్కుడు తరువాత నాకు రోజంతా ఆ చేయి నాది కానట్టుండేది. అందుకే దూరం అడిగాను.

కొత్త ఊళ్ళో ఒక పెంకుటింటి వెనుక గది అద్దెకు దొరికింది. ఇంటివాళ్ళు నిర్మల్‌లో ఉండేవారు, పత్తి ఏరే రోజుల్లో తప్ప వచ్చేవారు కాదు. ఊరి చుట్టూ నల్లరేగడి, పత్తి, సోయా. జనం మాటల్లో మరాఠీ సగం కలిసి ఉండేది. మొదట్లో నాకు పిల్లల వయసు అడిగినా జవాబు సరిగ్గా అర్థమయ్యేది కాదు. పగలు పనితో గడిచిపోయేది. నాలుగు దాటాక ఉపకేంద్రానికి తాళం వేసి గదికి వస్తే మళ్ళీ మర్నాడు తొమ్మిదింటిదాకా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. ఒక్కోసారి కూర తరుగుతూ గొంతు సవరించుకుంటే, నా గొంతు నాకే వేరే ఎవరిదోలా వినిపించేది.

జులైలో వానలు పట్టుకున్నాయి. ఉపకేంద్రం వెనుక బోరు వేయడానికి తవ్వి వదిలేసిన గుంట ఒకటుంది. అది నిండింది. అందులో నల్లగా తోకకప్పలు గుంపులు గుంపులుగా తిరిగేవి. మూడు వారాలు గడిచాక ఒక బుధవారం, టీకాల రోజు, అవి కాళ్ళు వచ్చి బయటికి బయలుదేరాయి. వందల సంఖ్యలో. వసారా మీద, మెట్ల మీద, తల్లుల చెప్పుల్లో, ఎక్కడ చూసినా చిక్కుడు గింజంత కప్పలు. పిల్లలు అరుస్తున్నారు, తల్లులు కొంగులు దులుపుకుంటున్నారు. మా ఆశ కార్యకర్త, యాభై దాటిన మనిషి, చీపురు తీసుకుని వాటిని వసారా కిందికి ఊడుస్తూ, “గీటి పెండ్లి గీన్నే పెట్టుకున్నయా ఏంది!” అని తిట్టింది.

సాయంత్రం సామాను సర్దుతుంటే, మందు కొలిచే ప్లాస్టిక్ కప్పులో ఒకటి కనిపించింది. దాని వెనుక కాలికి దూది పోగు చుట్టుకుని ఉంది. సూది మొనతో ఆ పోగు తప్పించాను. అప్పుడది ఎగిరి పోవాలి కదా, పోలేదు. కప్పు అడుగున కూర్చుని గొంతు కింద చర్మం టపటపా ఆడిస్తూ నన్ను చూసింది. నన్ను చూసిందని అనుకోవడం నా తెలివితక్కువే కావచ్చు. ఆ రోజు మొత్తంలో నా ముఖం వైపు అంతసేపు చూసిన ప్రాణి ఇంకొకటి లేదు. కప్పు మీద గాజుగుడ్డ కట్టి గదికి తీసుకుపోయాను.

అది గోదురుకప్ప. నీళ్ళల్లో ఈదే నున్నని కప్ప కాదు, గరుకు ఒంటితో నేల మీద నడిచే రకం. కళ్ళ వెనుక ఉబ్బెత్తు గ్రంథులుంటాయి, వాటిలో విషపు పాలుంటాయి, ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి అని ఎప్పుడో చదువుకున్నాను. మిగతాదంతా చూసి నేర్చుకున్నదే. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో వేపచెట్టు కింది మట్టి నాలుగు వేళ్ళ లోతున పరిచాను. ఎండుటాకులు, ఒక పగిలిన గూనపెంకు ముక్క, సీసా మూతలో నీళ్ళు. కుళాయి నీళ్ళల్లో మందు కలుపుతారు కాబట్టి ఒక రోజు నిలవ ఉంచి పోసేదాన్ని. పైన దోమతెర ముక్క కట్టాను. కప్పలు నోటితో నీళ్ళు తాగవు. ఆ మూతలో కూర్చుని పొట్ట చర్మంతోనే పీల్చుకుంటాయి. మొదటిసారి అది చూసినప్పుడు, స్నానం చేస్తుందేమోననుకుని తల పక్కకు తిప్పుకున్నాను. తరువాత నాకే నవ్వొచ్చింది.

తిండి పెద్ద సమస్య అయింది. కదలని దాన్ని అది తినదు. అన్నం మెతుకు పెట్టినా, చచ్చిన ఈగ పెట్టినా చూసేది కాదు. మగ్గిన అరటితొక్క ఒకటి టబ్బులో వేస్తే దాని మీద సన్న ఈగలు పుట్టాయి. వాటిని తిన్నది. ఆ తరువాత చిన్న చీమలు, కట్టెల కింద చెదలు. నాలుక బయటికి వచ్చి లోపలికి పోవడం కంటికి ఆనదు. ఈగ ఉన్నచోట ఉండదు, అంతే. మింగేటప్పుడు దాని కళ్ళు రెండూ లోపలికి దిగిపోతాయి. కళ్ళతో ముద్దను లోపలికి నెట్టుకుంటుంది. గర్భిణులకు ఇచ్చే కాల్షియం మాత్రల్లో విరిగిన ముక్కొకటి పొడి చేసి, చెదల మీద చిటికెడు చల్లి వేసేదాన్ని. ఎముకలు గట్టిపడతాయని.

అలవాటు కొద్దీ కొలతలు మొదలుపెట్టాను. పిల్లల బరువు కార్డులు మా దగ్గర కట్టలుగా ఉంటాయి, ఆడపిల్లలకు గులాబీ, మగపిల్లలకు నీలం. ఇది ఏదో నాకు తెలియదు. అందుకని పాత నోటుపుస్తకం ఒకటి తీసి గీతలు గీశాను. దాన్ని గాజు గ్లాసులో కూర్చోబెట్టి కింది నుంచి స్కేలు పట్టి చూస్తే, ముక్కు కొస నుంచి వెనుక దాకా పన్నెండు మిల్లీమీటర్లు. మూడో వారానికి పదహారు. ఆరో వారానికి ఇరవై. పొడవు సరే, బరువు తెలియాలి కదా. పొడవు పెరిగి బరువు పెరగకపోతే పిల్ల చిక్కిపోతున్నట్టే. మా దగ్గరున్న కాంటా మీద అది సున్నా కన్నా ఎక్కువ చూపించేది కాదు.

ఆశక్క చూసి ముక్కు మీద వేలేసుకుంది. “సిస్టర్, గది ఉచ్చ పోస్తే పులిపిర్లు లేస్తయి. పారెయ్యి.”

“లేవవు అక్కా. అది ఉత్త మాట.”

“మరి ఏం జేస్తవు దాన్ని?”

“ఏం చెయ్య. ఎంత పెరిగిందో జూస్త.”

ఆమె కాసేపు టబ్బులోకి వంగి చూసింది. “గింతదాన్ని జోకాల్నంటే అవుసులాయన దగ్గరికి పోవాలె,” అన్నది. అవుసులాయన అంటే కంసాలి. ఎగతాళికే అన్నది. నేను నిజంగానే పోయాను.

ఆదివారం మండల కేంద్రంలో అంగడి. మా ఊళ్ళో చర్చి లేదు. ఆదివారం పొద్దున గదిలోనే బైబిలు చదువుకుని, పది గంటల ఆటోలో అంగడికి పోయేదాన్ని. బజారు మూలన ఒక కంసాలి దుకాణం ఉంది. మనిషికి అరవై అయిదు ఉంటాయి. ముందు బల్ల, బొగ్గుల కుంపటి, గోడకు పాత అద్దాల బీరువా. అందులో నాలుగు జతల వెండి మట్టెలు తప్ప ఏమీ లేవు.

“రా బిడ్డా, ఏం గావాలె? ముక్కుపుల్లనా?”

“కాదు కాకా. ఒకటి జోకాలె.”

బంగారం అమ్మడానికి వచ్చాననుకుని ముఖం గంభీరంగా పెట్టాడు. నేను సంచిలోంచి మందు కప్పు తీసి గాజుగుడ్డ విప్పాను. ఆయన నుదుటి మీది కళ్ళద్దాలు కిందికి దించుకుని లోపలికి చూశాడు.

“గిది కప్ప గదా?”

“అవు కాకా.”

“బంగారం జోకే కాంటల కప్పను జోకుమంటవా?” ఆయన గొంతులో కోపం లేదు, నమ్మలేకపోవడం ఉంది. “మందుకా?”

“కాదు. సాదుకుంటున్న. ఎంత పెరిగిందో తెల్వాలె గదా.”

ఆయన బజారుకు అటూ ఇటూ చూశాడు. ఎవరూ మమ్మల్ని పట్టించుకోవడం లేదు. సొరుగు లాగి, బల్ల మీదున్న కరెంటు కాంటా కాకుండా, చిన్న ఇత్తడి తక్కెడ బయటికి తీశాడు. “మా నాయిన నాటిది,” అన్నాడు. నా కప్పులాంటిదే ఇంకొకటి ఉందా అని అడిగాడు. ఉంది. ఖాళీ కప్పు ఒక వైపు, కప్ప ఉన్నది ఒక వైపు పెట్టాడు. తరువాత డబ్బాలోంచి గురిగింజలు తీసి ఖాళీ కప్పులో ఒక్కొక్కటే వేశాడు. ఏడు వేసేసరికి ముల్లు నిలబడింది. ఎనిమిదోది వేస్తే ఒరిగింది. తీసేశాడు.

“ఏడు గురిగింజల ఎత్తు,” అన్నాడు. తరువాత ముందుకు వంగి, మెల్లగా అన్నాడు: “ఊపిరి తీస్తుంటే ముల్లు ఆడుతున్నది, సూడు.”

నిజమే. ముల్లు సన్నగా వణుకుతోంది. ఇద్దరం కాసేపు అదే చూస్తూ కూర్చున్నాం.

అప్పటి నుంచి రెండు వారాలకొకసారి ఆ దుకాణానికి పోయేదాన్ని. జనం నగలకు నిర్మల్‌లో ఏసీ దుకాణాలకు పోతున్నారని, తన దగ్గరికి తెగిన గొలుసు అతికించడానికే వస్తారని కాక చెప్పేవాడు. ఆయనకు చెప్పాలనిపించినప్పుడే చెప్పేవాడు, నన్ను ఏమీ అడిగేవాడు కాదు. నాకది హాయిగా ఉండేది. సెప్టెంబరులో గురిగింజలు చాలక ఇత్తడి తూకం రాళ్ళు తీశాడు. అక్టోబరులో దాని పొడవు మూడున్నర సెంటీమీటర్లు, బరువు అర తులానికి కొంచెం తక్కువ. ఒంటి మీద బొడిపెలకు కొసలు నల్లబడ్డాయి. అది తన పాత చర్మాన్ని స్వెట్టరు విప్పినట్టు తల మీదుగా లాగి, దాన్ని తానే మింగేయడం ఒక రోజు చూశాను. ఆ సాయంత్రం ఎవరికైనా ఈ సంగతి చెప్పాలని ఎంతగా అనిపించిందంటే, ఫోను తీసి పేర్లన్నీ పై నుంచి కింది దాకా చూసుకుంటూ పోయాను. మళ్ళీ పక్కన పెట్టేశాను. పేర్లు చాలానే ఉన్నాయి. కప్ప చర్మం విడిచిందని చెప్పదగిన పేరు కనిపించలేదు.

ఒకసారి తప్పిపోయింది కూడా. దోమతెర ముడి వదులుగా కట్టాను, పొద్దున చూస్తే టబ్బు ఖాళీ. గదంతా వెతికాను. మంచం జరిపాను, బియ్యం డబ్బా కింద చూశాను, చెప్పులు దులిపాను. డ్యూటీకి పోయి ఒకే కార్డు మీద తేదీ రెండుసార్లు రాశాను. ఆశక్క కనిపెట్టి సంగతి అడిగింది, చెప్పాను. ఆమె మధ్యాహ్నం నాతో గదికి వచ్చి, కొంగు నడుముకు దోపి, నీళ్ళ కుండ పక్కకు జరిపింది. కుండ కింది తడిలో, మట్టి రంగులో కలిసిపోయి కూర్చుని ఉంది.

“దూప గొన్నది పాపం. నీళ్ళ కాడికే వచ్చింది,” అన్నది ఆశక్క. ఆమె దాన్ని పాపం అనడం అదే మొదటిసారి. ఆ తరువాత అప్పుడప్పుడూ మోదుగాకులో చెదలు మడిచి తెచ్చి నా బల్ల మీద పెట్టేది.

ఆ నెలలోనే కరీంనగర్ నుంచి మా అక్క ఫోను చేసింది. పెళ్ళిళ్ళూ ధరలూ అన్నీ మాట్లాడి చివరికి అన్నది: “ఒక్క మాట. ఎవలో జెప్తే తెలిసేకంటె నేనే జెప్త. ఆయనకు బిడ్డ పుట్టింది. రెండు నెలలాయె.”

“మంచిగున్నదా?” అన్నాను.

“ఎవలు?”

“బిడ్డ.”

“సన్నగున్నదట,” అన్నది అక్క. ఫోను పెట్టేశాక టబ్బు ముందు కూర్చుని, వారం ఇంకా కాకపోయినా, స్కేలు తీసుకుని మళ్ళీ కొలిచాను. నిన్నటి కొలతే వచ్చింది. రాసుకున్నాను.

నవంబరు చివర చలి మొదలైంది. ఆదిలాబాద్ చలి కరీంనగర్ చలి లాంటిది కాదు, పొద్దున బకెట్లో చేయి పెడితే ఎముక దాకా లాగుతుంది. కప్ప తినడం తగ్గించింది. ఆ తరువాత ఒక వారం పూర్తిగా మానేసింది. వెనుక కాళ్ళతో మట్టి తవ్వుకుంటూ వెనక్కి వెనక్కి దిగి, ఒక రోజు కనిపించకుండా పోయింది. నేను వేళ్ళతో మట్టి తీసి బయటికి తెచ్చాను. కళ్ళు సగం మూసుకుని ఉంది. ఒళ్ళు చల్లగా, ముద్దగా. దాన్ని డబ్బాలో పెట్టుకుని, అంగడి రోజు కాకపోయినా, కాక దగ్గరికి పోయాను.

ఆయన తక్కెడ తీయలేదు. డబ్బా మూత తెరిచి చూసి మళ్ళీ మూసేశాడు. “ఎవలు లేపుమన్నరు దీన్ని?”

“తింటలేదు కాకా. పది రోజులాయె. కరిగిపోతదేమో.”

“సలికాలం గిట్లనే మట్టిల దూరుతయి. మా పొలంల గడ్డపారకు తగులుతుండె నా చిన్నప్పుడు. తినయి, కదలయి. పాణం మాత్రం ఉంటది. ఎండలు ముదిరినంక అవే లేస్తయి. నువ్వు ఊకె తవ్వి పరేషాన్ జెయ్యకు. జర తడి ఆరకుంట సూసుకో, చాలు.” తరువాత నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. “ఫికర్ జెయ్యకు బిడ్డా. దానికి తెలుసు.”

గదికి వచ్చి దాన్ని మట్టి మీద పెట్టాను. అది మళ్ళీ మొదటి నుంచి తవ్వుకోవడం మొదలుపెట్టింది. నేను లేపినందుకు దానికెంత కష్టమైందో చూస్తూ కూర్చున్నాను. ఆ రెండు నెలలూ నోటుపుస్తకంలో కొలతలు లేవు. సాయంత్రం వచ్చి మట్టి మీద నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరించడం, అంతే. ఆ చలికాలం చాలా పొడవుగా గడిచింది.

క్రిస్మస్‌కు అక్క రమ్మని పట్టుబట్టింది. టబ్బు మీద నీళ్ళు చిలకరించే పని ఆశక్కకు అప్పజెప్పి పోయాను. పండుగ ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో టీ, కేకు పంచుతున్నారు. చెట్టు నీడలో నిలబడి ఉంటే, కొత్త చీర కట్టుకున్న ఒక అమ్మాయి, ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి, బిడ్డను శాలువాలో చుట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది. ఆమెను అంత దగ్గరగా చూడడం అదే మొదలు. నా భర్త, అంటే ఆమె భర్త, గేటు దగ్గర బండి పక్కన నిలబడి ఇటే చూస్తున్నాడు.

“అక్కా, కోపం జెయ్యకు. నేను ఎవలనో నీకు తెలుసు. ఒక్కటడుగుత.”

“అడుగు.”

“జర పిల్లను జూస్తవా? అందరు సన్నగున్నది, సన్నగున్నది అంటున్నరు. నా పాలు సాల్తలేవంటున్నది అత్తమ్మ. డబ్బా పాలు పట్టుమంటున్నది. డాక్టరు మంచిగున్నదన్నడు గని, ఇంట్ల ఎవలు ఇంటలేరు. నువ్వు జెప్తే ఇంటరు. నీ మాట మీద అందరికి నమ్మకమున్నది.”

నేను చేతులు చాచాను. బిడ్డ బరువు చేతుల్లోకి రాగానే, పదిహేనేళ్ళ అలవాటు, అయిదున్నర కిలోలు ఉంటుందని తెలిసిపోయింది. ఆ పిల్ల నా మెడలోని సిలువ గొలుసు పట్టుకుంది. కళ్ళు ఆయనవే. ఆ క్షణం నా మనసులో ఏం వచ్చిందో దాచకుండా రాస్తాను. పాలు చాలడం లేదు అనే ఒక్క మాట అంటే చాలు, ఆ ఇంట్లో రేపటి నుంచి ఈ అమ్మాయికి నిద్ర ఉండదు. ఆ అత్తమ్మతో పదకొండేళ్ళు ఉన్నదాన్ని, నాకు తెలియనిది కాదు. ఆ మాట నా నోట్లో ఎంతసేపు ఉందో చెప్పలేను. బహుశా బిడ్డ నా గొలుసు వదిలేంతసేపు.

“కార్డున్నదా?” అన్నాను.

సంచిలోంచి గులాబీ కార్డు తీసి ఇచ్చింది. పుట్టినప్పుడే చిన్నగా పుట్టింది. కానీ నెలనెలా చుక్కలు మీదికే పోయాయి, ఒక్కటీ కిందికి దిగలేదు. వేలితో ఆ గీత మీద నడిపించి చూపించాను. “చూడు. చిన్నగ పుట్టింది గాబట్టి చిన్నగున్నది. గని ఎన్నడు ఆగలే. పిల్ల మంచిగ పెరుగుతున్నది. నీ పాలు సాల్తున్నయి. ఆరు నెలలదాక డబ్బా గిబ్బా ఏమొద్దు. అత్తమ్మకు నేను జెప్పిన్నని జెప్పు.”

ఆ అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నా నంబరు అడిగింది, ఇచ్చాను. “ఆడ ఒక్కదానివే ఉంటవా అక్కా?” అన్నది.

“లేదు. ఒక కప్ప ఉన్నది.”

ఆమె తమాషాకు అన్నాననుకుని తడి కళ్ళతోనే నవ్వింది. ఆయన బండి దగ్గర నుంచి వచ్చి బిడ్డను అందుకున్నాడు. “బాగున్నవా?” అన్నాడు. బాగున్నానన్నాను. “ఆడ సలి బాగనట గదా?” “అవు, బాగనే ఉంటది.” అంతే. మూడేళ్ళకు మేము మాట్లాడుకున్నది అదే. తిరుగు బస్సులో జగిత్యాల దాటేదాకా కిటికీ అద్దానికి తల ఆనించి కూర్చున్నాను. నా రెండు చేతులూ ఖాళీగా ఒళ్ళో ఉన్నాయి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఫిబ్రవరి చివర ఒక మధ్యాహ్నం మట్టి పగిలి ముందు ఒక ముక్కు, ఆ తరువాత రెండు కళ్ళు బయటికి వచ్చాయి. నేను ఆశక్కకు చెప్పడానికి రోడ్డు మీద సగం పరుగెత్తుకుంటూ పోయాను. కొంచెం చిక్కింది, అంతే. వారం రోజుల్లో తినడం పట్టింది. ఇప్పుడు చెదలు చాలవు, కీచురాళ్ళూ వానపాములూ కావాలి. వేసవిలో టబ్బు మీద తడి గోనెసంచి కప్పి, డ్యూటీ మధ్యలో వచ్చి మళ్ళీ తడిపేదాన్ని. మే నెలలో తులం దాటింది. జూన్ మొదటి ఆదివారం కాక తక్కెడ ఎత్తి ముల్లు నిలిచేదాకా ఆగి, “తులంబావు,” అన్నాడు, పెళ్ళికూతురి నగ తూచినట్టు. తులం మీద ఇంకో పావు. పొడవు అయిదు సెంటీమీటర్లు. నా చేతిలో పెడితే అరచేయి సగం నిండేది.

తరువాతి వారమే తొలి వాన పడింది. సాయంత్రం ఆరింటికి నేను పొయ్యి దగ్గర ఉంటే, ఉపకేంద్రం వెనుక గుంట నుంచి కప్పల అరుపులు మొదలయ్యాయి. కాసేపటికి గదిలో నుంచే, సన్నగా, తెగుతూ తెగుతూ ఒక శబ్దం వచ్చింది. ఏ పురుగో అనుకున్నాను. టబ్బు దగ్గరికి పోయి చూస్తే దాని గొంతు బుడగలా ఉబ్బి ఉంది. అంటే మగది. ఏడాదిగా నా దగ్గరున్నా నాకు తెలియలేదు. బయటి అరుపు ఆగినప్పుడు ఇది అరిచేది. ఇది ఆగి, మళ్ళీ బయటిది వినేది.

అన్నం మాడిన వాసన వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. పొయ్యి ఆర్పి, దోమతెర విప్పి, దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని వాకిట్లోకి పోయాను. మెట్టు మీద దించాను. వాన సన్నగా పడుతోంది. అది కదల్లేదు. మళ్ళీ లోపలికి తీసుకుపోదామని నేను వంగేలోపు ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది. గంతులు వేయలేదు, నడిచే పోయింది, పని మీద పోయే పెద్దమనిషిలాగా. గోడ వెంట పోయి, తడి గడ్డిలో దిగి, అరుపుల వైపు తిరిగింది. గడ్డి కదలడం ఆగిపోయాక కూడా చాలాసేపు మెట్టు మీదే కూర్చున్నాను. చీర తడిసిపోయింది. నోటుపుస్తకంలో ఆ రోజు కొలత రాసే చోట ‘విడిచిపెట్టాను’ అని రాశాను.

మరుసటి ఆదివారం ఉత్త చేతులతో దుకాణానికి పోయాను. కాక అప్పటికే తక్కెడ తుడిచి బల్ల మీద పెట్టి ఉంచాడు. నా సంచి వైపు చూశాడు.

“ఏదమ్మా?”

“ఇడిచిపెట్టిన కాకా. వానకు అరుస్తుండె.”

ఆయన తల ఊపాడు. తక్కెడ గొలుసులు చిక్కుపడకుండా మెల్లగా మడిచి సొరుగులో పెట్టుకున్నాడు. తరువాత ఎదురు హోటలుకు కేకేసి రెండు చాయ్‌లు చెప్పాడు.

ఆ నెల చివరలో ఆ అమ్మాయి ఫోను చేసింది. క్రిస్మస్ నుంచి ప్రతి నెలా కార్డు ఫొటో పంపేది, నేను బాగుందని జవాబు పెట్టేదాన్ని. ఈసారి ఫోనే చేసింది. పిల్లకు పది నెలలు, ఏడు కిలోల నాలుగు వందలు, గోడ పట్టుకుని నిలబడుతోంది. అన్నీ చెప్పాక, “అక్కా, నీ కప్ప ఎంతున్నది గిప్పుడు?” అని అడిగింది. మధ్యలో ఎప్పుడో ఒకసారి దాని ఫొటో పంపాను, అప్పటి నుంచి నమ్మింది.

“లేదు, ఇడిచిపెట్టిన.”

“అయ్యో. మరి ఒక్కదానికి పొద్దు వోక యాష్ట రాదా?”

“వస్తది,” అన్నాను.

అటు వైపు పిల్లను ఎత్తుకుంటున్న చప్పుడు. తరువాత, “ఉండు, పిల్ల నీతోటి మాట్లాడుతదట,” అని ఫోను బిడ్డ చెవికి పెట్టింది. ఊపిరి వినిపించింది, ఇంకేదో నోట్లో నమలడం వినిపించింది. ఇంత కాలం పిల్లల్ని జోకాను, సూదులు గుచ్చాను, ఏడిస్తే ఊరుకోబెట్టాను. కానీ ఫోనులో ఒక పసిపిల్లతో ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. కిటికీ బయట చూరు కారుతోంది.

“ఇక్కడ వాన పడుతున్నది బిడ్డా,” అన్నాను.